డ్రైవ్ ‘ఎన్‌కోడర్ ఫాల్ట్’ చూపిస్తే పోయింది ఎన్‌కోడరేనా?

క్లుప్తంగా

మోటారుకు కరెంటు పంపి దాని వేగాన్ని అదుపు చేసేది డ్రైవ్. షాఫ్టు ఎంత, ఎటు తిరిగిందో డ్రైవ్‌కు చెప్పే సెన్సరు ఎన్‌కోడర్. ఎన్‌కోడర్ ఫాల్ట్ వచ్చిందంటే, తనకు అందిన సిగ్నల్‌ను డ్రైవ్ నమ్మలేకపోయిందని మాత్రమే అర్థం. కారణం సరఫరా వోల్టేజీ కావచ్చు, కేబుల్ జతలు కావచ్చు, షీల్డు కావచ్చు, కప్లింగు స్క్రూ కావచ్చు, నిజంగా ఎన్‌కోడరే కావచ్చు. ఏదో తేల్చడానికి చాలాసార్లు ఒక మల్టీమీటరు, ఒక స్కోపు (ఆసిలోస్కోపు) చాలు. కొలవకుండా ఎన్‌కోడర్ మారిస్తే, ఆ పనిలో కనెక్టరు ఊడదీసి మళ్లీ బిగించినందుకే ఫాల్ట్ కొన్నాళ్లు కనిపించకుండా పోతుంది. అసలు కారణం అక్కడే ఉండిపోతుంది.

సిగ్నల్ నడిచే దారి

రోలింగ్ మిల్లు, క్రేను, కాగితం మిషను, వైండర్ వంటి చోట్ల వేగాన్నో స్థానాన్నో గట్టిగా పట్టి ఉంచాలి. అక్కడ మోటారు వెనక ఎన్‌కోడర్ ఉంటుంది. ఇండక్షన్ మోటార్ల మీద ఎక్కువగా కనిపించేది ఇంక్రిమెంటల్ రకం. లోపల సన్నని గీతలున్న డిస్కు తిరుగుతుంటుంది. డిస్కుకు ఒకవైపు ఎల్‌ఈడీ, ఇంకోవైపు ఫొటో సెన్సర్లు. వాటి నుంచి ఏ, బి అనే రెండు పల్సు వరుసలు పావు పల్సు తేడాతో బయటికొస్తాయి. ఏ ముందొస్తే ఒక దిశ, బి ముందొస్తే ఎదురు దిశ. చుట్టుకు ఒక్కసారే వచ్చే మూడోది జడ్, దీన్నే జీరో మార్కు అంటారు. చుట్టుకు 1024 పల్సుల ఎన్‌కోడర్ అయితే రెండు చానళ్ల పైకెగసే అంచులు, కిందికి దిగే అంచులు అన్నీ కలిపి డ్రైవ్ 4096 లెక్కపెడుతుంది.

5 వోల్టుల టీటీఎల్ రకంలో ప్రతి చానల్‌కూ ఒక విలోమ తీగ ఉంటుంది: ఏ, ఏ-బార్, బి, బి-బార్, జడ్, జడ్-బార్. ఆర్‌ఎస్-422 పద్ధతిలో డ్రైవ్ చూసేది ఒక్కో తీగ మీది వోల్టేజీని కాదు, జత మధ్య తేడాను. బయటి నుంచి వచ్చే నాయిస్ రెండు తీగల మీదా ఒకేలా పడితే తేడాలో అది కొట్టుకుపోతుంది. 24 వోల్టుల హెచ్‌టీఎల్ రకంలో సిగ్నల్ ఎత్తే ఎక్కువ కాబట్టి కొంత నాయిస్‌ను ఆ ఎత్తుతోనే తట్టుకుంటుంది.

సరఫరా ప్యానెల్ నుంచి బయల్దేరి ఎన్‌కోడర్‌కు వెళుతుంది. సిగ్నల్ ఎన్‌కోడర్ నుంచి కనెక్టరు, కేబుల్, జంక్షన్ బాక్సు, ట్రే, ప్యానెల్ టెర్మినళ్ల మీదుగా డ్రైవ్‌లోని ఎన్‌కోడర్ కార్డుకు చేరుతుంది. ఫాల్ట్ చెప్పే డ్రైవ్ ఈ దారికి ఆ చివర కూర్చుంది. దారిలో ఎక్కడ తెగినా దానికి కనిపించేది ఒకటే. తేడా కనిపెట్టాల్సింది మనిషే.

మోటారు ఎందుకు పాకుతుంది

ఎన్‌కోడర్ సిగ్నల్ పోయినప్పుడు, లేదా ఏ-బి తారుమారైనప్పుడు చాలామందిని తికమక పెట్టే లక్షణం ఒకటుంది. మోటారు ఆగదు, పరుగెత్తదు. కరెంటు లిమిట్‌కు తగిలి, గుర్రుమంటూ మెల్లగా పాకుతుంది. దీన్ని చూసి గేర్‌బాక్సు పట్టేసిందనో, బ్రేకు విడవలేదనో మెకానికల్ వాళ్లను పిలుస్తారు. చిన్న లెక్క వేస్తే విషయం తెలిసిపోతుంది.

వెక్టర్ కంట్రోల్‌లో (ఎన్‌కోడర్ వేగాన్ని చూసి టార్కును అదుపు చేసే పద్ధతిలో) డ్రైవ్ మోటారుకు పంపే ఫ్రీక్వెన్సీ రెండు భాగాల మొత్తం. ఒకటి ఎన్‌కోడర్ చెప్పిన వేగం, రెండోది కావలసిన టార్కుకు (తిప్పే బలానికి) తగ్గ స్లిప్పు, అంటే మోటారులోని అయస్కాంత క్షేత్రం కన్నా రోటరు వెనకబడే వేగం. 50 హెర్ట్జ్, 4 పోళ్ల మోటారు తీసుకుందాం. సింక్రనస్ వేగం, అంటే ఆ క్షేత్రం తిరిగే వేగం 1500, ప్లేటు మీది వేగం 1475 ఆర్‌పీఎం. పూర్తి లోడుకు స్లిప్పు 25. టార్కు లిమిట్ 150 శాతం పెట్టి ఉంటే స్లిప్పు సుమారు 37 దాకా పోగలదు.

ఇప్పుడు ఎన్‌కోడర్ తీగ తెగింది. డ్రైవ్‌కు వేగం సున్నాగా కనిపిస్తుంది. ఇంకా తిరగలేదనుకుని టార్కును లిమిట్‌దాకా పెంచుతుంది. పంపే ఫ్రీక్వెన్సీ సున్నా కలిపి 37, అంటే 37 ఆర్‌పీఎంకు సరిపడా మాత్రమే. మోటారు అక్కడే పాకుతుంది.

ఏ-బి తారుమారైతే, మోటారు ముందుకు ఎంత తిరిగితే డ్రైవ్‌కు అంత వెనక్కి తిరిగినట్టు కనిపిస్తుంది. పంపే ఫ్రీక్వెన్సీ 37 నుంచి ఆ వేగాన్ని తీసేసినంత. రెండూ సరితూగేది 37లో సగం దగ్గర, అంటే 18 ఆర్‌పీఎం చుట్టూ. 2048 పల్సులని పారామీటరులో పెట్టి 1024 ఎన్‌కోడర్ బిగిస్తే వేగం సగమే కనిపిస్తుంది. అప్పుడు లెక్క రెండు రెట్ల స్లిప్పు దగ్గర, 75 చుట్టూ ఆగుతుంది.

ఈ అంకెలు ఖాళీ షాఫ్టుకు దాదాపుగా వర్తించేవి. లోడు ఉంటే ఇంకా తగ్గుతాయి. కానీ పాకే వేగాన్ని టాకోమీటరుతో ఒకసారి కొలిస్తే తీగ తెగిందా, దిశ తిరగబడిందా, పల్సుల సంఖ్య తప్పా అన్న అంచనా ప్యానెల్ తెరవకముందే వస్తుంది. అదే మోటారును వి/ఎఫ్ మోడ్‌లో (ఎన్‌కోడర్‌ను చూడకుండా, ఫ్రీక్వెన్సీకి తగ్గ వోల్టేజీ మాత్రం పంపే మోడ్‌లో) నడిపినప్పుడు హాయిగా తిరిగితే గేర్‌బాక్సుకు, బ్రేకుకు సంబంధం లేదని ఖాయం.

దిశ తిరగబడితే ఏ, ఏ-బార్ తీగలను ఒకదానితో ఒకటి మార్చాలి, లేదా ఏ జతను బి జతతో మార్చాలి. రెండు చానళ్లలోనూ బార్ తీగలు మారిస్తే మాత్రం దిశ ఎక్కడిదక్కడే ఉంటుంది. గంటసేపు తీగలు మార్చినా ఫలితం లేకపోవడానికి ఇదో కారణం.

కోడు ఏం చెబుతోంది

డ్రైవ్ తయారీదారులు ఎన్‌కోడర్ ఫాల్టులను ఒకే గంపలో వేయలేదు. సీమెన్స్ సినామిక్స్‌లో 31100 వస్తే రెండు జీరో మార్కుల మధ్య లెక్క తప్పిందని. 31101 అయితే జీరో మార్కే రాలేదని. 31115 అంటే ఏ లేదా బి సిగ్నల్ ఎత్తు తగ్గింది. 31117 అంటే ఏ, ఏ-బార్ ఒకదానికొకటి విలోమంగా లేవు. 31118 అంటే వేగం నమ్మశక్యం కానంత ఒక్కసారిగా మారింది. 7902 మోటారు స్టాల్ అయిందని (తిరగలేక నిలిచిపోయిందని) చెబుతుంది గానీ, వెనక కారణం చాలాసార్లు ఎన్‌కోడర్ దిశే.

యస్కావా డ్రైవ్‌లలో పీజీవో అంటే పల్సులు అందడం లేదని, డీఈవీ అంటే అడిగిన వేగానికీ కనిపిస్తున్న వేగానికీ పొంతన లేదని.

31117 తీగ తెగినప్పుడో, డ్రైవర్ చిప్పు ఒక పక్క పోయినప్పుడో వస్తుంది. 31100 నాయిస్ వైపో, డిస్కు మురికి వైపో చూపిస్తుంది. డీఈవీ వస్తే ఎన్‌కోడర్ బాగానే ఉండి లోడే ఎక్కువై ఉండవచ్చు. కాబట్టి రీసెట్ కొట్టే ముందు కోడు, ఆ క్షణపు వేగం, కరెంటు, సమయం రాసిపెట్టుకోవాలి. ట్రెండ్ రికార్డరు ఉంటే అడిగిన వేగం, ఎన్‌కోడర్ వేగం, డ్రైవ్ అంచనా వేసుకున్న వేగం మూడూ ఒకే గ్రాఫులో పెట్టాలి. ట్రిప్పుకు ముందరి అర సెకను గ్రాఫు ఉంటే కారణం సగం తెలిసినట్టే.

ఫాల్ట్ వచ్చే సందర్భం కూడా కోడుతో సమానమైన సాక్ష్యం. ఒక వేగం దాటాకే వస్తే సిగ్నల్ ఫ్రీక్వెన్సీని కేబులో కార్డో మోయలేకపోతోంది. వేగం పుంజుకునేటప్పుడు మాత్రమే వస్తే కప్లింగు జారడమో, పెరిగిన మోటారు కరెంటు నుంచి వచ్చే నాయిస్సో. రెండు గంటలు నడిచి వేడెక్కాక వస్తే ఎన్‌కోడర్ ఎల్‌ఈడీనో, మోటారు వెనక బ్లోయర్ ఆగిపోవడమో. పక్క మిషను స్టార్టయినప్పుడల్లా వస్తే ఎర్తింగ్. చుట్టులో ఎప్పుడూ ఒకే కోణం దగ్గర వస్తే డిస్కు మీద గీతో, నూనె చుక్కో.

5 వోల్టులు అక్కడిదాకా చేరుతున్నాయా

ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఈ ప్రశ్నే. ప్యానెల్ టెర్మినల్ దగ్గర మీటరు పెట్టి 5.0 చూసి సరేననుకుంటారు. ఎన్‌కోడర్ ఉన్నది 50 మీటర్ల అవతల.

0.25 చదరపు మి.మీ. రాగి తీగకు మీటరుకు సుమారు 0.07 ఓమ్. 50 మీటర్లు వెళ్లి 50 మీటర్లు తిరిగి రావాలి కాబట్టి మొత్తం 7 ఓములు. టీటీఎల్‌లో ప్రతి జత చివర, సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపే 120 ఓముల టెర్మినేషన్ రెసిస్టరు ఉంటుంది. 3 వోల్టుల తేడాకు జతకు 25 మిల్లీ ఆంపియర్లు, మూడు జతలకు 75. ఎన్‌కోడర్ సొంత వాడకం ఇంకో 75 అనుకుంటే మొత్తం 150 మిల్లీ ఆంపియర్లు. 7 ఓముల మీద 1.05 వోల్టులు పడిపోతాయి. ఎన్‌కోడర్‌కు అందేది 3.95. దానికి కావలసింది సాధారణంగా 4.75కు తగ్గకూడదు.

చిత్రమేమిటంటే, 3.95 వోల్టుల దగ్గర కూడా చాలా ఎన్‌కోడర్లు పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి. ఆర్‌ఎస్-422 రిసీవర్‌కు 0.2 వోల్టుల తేడా చాలు కాబట్టి పల్సులు వస్తూనే ఉంటాయి. వేడికి ఎల్‌ఈడీ కాంతి కాస్త తగ్గిన మధ్యాహ్నం పూట పల్సులు ఊగిసలాడతాయి. కనెక్టరు పిన్ను మీద కాస్త పచ్చ తుప్పు పట్టి ఇంకో ఓమ్ కలిస్తే ఆగిపోతాయి. రాత్రి షిఫ్టులో రాని ఫాల్ట్ పగలే ఎందుకొస్తోందని చర్చ మొదలవుతుంది.

కొలత ఎన్‌కోడర్ కనెక్టరు దగ్గర, లోడు ఉండగా తీసుకోవాలి. కనెక్టరు ఊడదీసి కొలిస్తే కరెంటే లేదు కాబట్టి 5 వోల్టులు నిండుగా కనిపిస్తాయి. వోల్టేజీ తగ్గితే దారులు మూడు. సెన్సు తీగలు (అవతలి చివర వోల్టేజీని డ్రైవ్‌కు తిరిగి చెప్పేవి) ఉన్న డ్రైవ్ అయితే వాటిని ఎన్‌కోడర్ దగ్గర సరఫరా తీగలకు కలిపితే పడిపోయినంత వోల్టేజీని డ్రైవే పెంచి ఇస్తుంది. సెన్సు లేకపోతే సరఫరాకు 1 చదరపు మి.మీ. తీగలు వాడాలి, ఇదే లెక్కలో నష్టం 0.26 వోల్టులకు దిగుతుంది. మూడోది, 10 నుంచి 30 వోల్టుల సరఫరా తీసుకుని టీటీఎల్ సిగ్నల్ ఇచ్చే రకం ఎన్‌కోడర్ పెట్టడం. పొడవు కేబుళ్లకు ఇది అన్నిటికన్నా నమ్మదగిన పరిష్కారం.

సర్దుబాటు చేసే పవర్ సప్లై ఉంది కదా అని ప్యానెల్ దగ్గర 6 వోల్టులకు పెంచడం మాత్రం వద్దు. టెర్మినేషన్ తీగ ఊడిన రోజు కరెంటు తగ్గి ఆ 6 వోల్టుల్లో చాలా భాగం నేరుగా ఎన్‌కోడర్ మీదే పడుతుంది.

హెచ్‌టీఎల్‌కు వోల్టేజీ నష్టం పెద్ద సమస్య కాదు, దాని బాధ వేరు. ప్రతి పల్సుకూ కేబుల్ కెపాసిటెన్స్‌ను 24 వోల్టులకు నింపి ఖాళీ చేయాలి. మీటరుకు 100 పికోఫారడ్ల కేబుల్ 100 మీటర్లుంటే 10 నానోఫారడ్లు. 2048 పల్సుల ఎన్‌కోడర్ 1500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 51,200 పల్సులు ఇస్తుంది. తీగకు దాదాపు 0.3 వాట్, ఏ, బి, వాటి బార్‌లు కలిపి నాలుగు తీగలకు వాటుకు పైనే ఎన్‌కోడర్‌లోని చిన్న చిప్పులో వేడిగా మారుతుంది. తక్కువ వేగంలో నిక్షేపంగా ఉండి పూర్తి వేగంలో అరగంటకు పల్సులు తప్పే హెచ్‌టీఎల్ ఎన్‌కోడర్ల వెనక తరచూ ఉండేది ఇదే. ఇలాంటి చోట పల్సుల సంఖ్య తగ్గించుకోవాలి, లేదా టీటీఎల్‌కు మారాలి.

జత తప్పిన తీగలు, తోక పెట్టిన షీల్డు

కేబుల్‌లో మెలితిప్పిన జతలు ఊరికే ఉండవు. ఏ, ఏ-బార్ ఒకే జతలో ఉంటేనే నాయిస్ రెండింటి మీదా సమానంగా పడి తేడాలో రద్దవుతుంది. రంగులు చూసి వరుసగా కలుపుకుంటూ పోయిన చోట ఏ ఒక జతలో, ఏ-బార్ పక్క జతలో చేరుతుంది. కంటిన్యుటీ బజరు ప్రతి తీగకూ మోగుతుంది, డ్రైవ్ కూడా స్టార్టవుతుంది. కానీ ఏ తీగ బి తీగతో మెలిపడి ఉంది కాబట్టి ఒకదాని అంచు ఇంకోదాని మీద చిన్న ముల్లులా లేస్తుంది. మీటరుతో ఈ తప్పు దొరకదు. రెండు చివర్లా గ్లాండు విప్పి, ఏ రంగు ఏ రంగుతో మెలితిరిగి ఉందో కంటితో చూడాల్సిందే. జంక్షన్ బాక్సు ఉంటే అక్కడ జతలు విడిపోయే అవకాశం ఇంకా ఎక్కువ.

షీల్డు విషయంలో వాదన ఎప్పటినుంచో ఉంది: ఒకవైపే ఎర్తు చేయాలా, రెండువైపులా చేయాలా? డ్రైవ్‌లోని ఐజీబీటీలు (పవర్ ట్రాన్సిస్టర్లు) మైక్రోసెకనులో చిన్న భాగంలోనే స్విచ్ అవుతాయి. అవి పుట్టించే నాయిస్ మెగాహెర్ట్జ్‌లలో ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీలో ఒకవైపే కట్టిన పొడవైన షీల్డు యాంటెనాతో సమానం. అందుకే డిఫరెన్షియల్ సిగ్నళ్లకు రెండువైపులా ఎర్తు చేయడమే ఇప్పటి డ్రైవ్ మాన్యువళ్లలో సాధారణ సలహా. మోటారు ఎర్తుకూ ప్యానెల్ ఎర్తుకూ మధ్య వోల్టేజీ తేడా ఉంటే షీల్డులో 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది. దానికి మందు షీల్డు విప్పేయడం కాదు, రెండు ఎర్తుల మధ్య రెండింటి వోల్టేజీని సమానం చేసే లావుపాటి ఈక్విపొటెన్షియల్ తీగ వేయడం. తేడా 7 వోల్టులు దాటితే ఆర్‌ఎస్-422 రిసీవర్ తట్టుకునే హద్దు కూడా దాటినట్టే.

ఎర్తు చేసే తీరు ఇంకా ముఖ్యం. షీల్డు జాలీని మెలిపెట్టి, పది సెంటీమీటర్ల తోకలా లాగి, లగ్గు కొట్టి ఎర్తు బార్‌కు బిగించడం మన ప్యానెళ్లలో మామూలు దృశ్యం. ఆ పది సెంటీమీటర్లకు సుమారు 100 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర అది 6 ఓములకు పైనే. మీటరు సున్నా ఓములు చూపించే ఎర్తు, నాయిస్‌కు 6 ఓముల అడ్డంకి. షీల్డు చుట్టూ 360 డిగ్రీలూ పట్టే క్లాంపుతో, పెయింటు గీకిన ప్లేటుకు బిగించాలి. మోటారు పవర్ కేబుల్ షీల్డుకూ ఇదే నియమం. నాయిస్ పుట్టేది అక్కడే కాబట్టి ఆ చివర సరిచేస్తే లాభం రెట్టింపు.

ట్రేలో ఎన్‌కోడర్ కేబులుకూ మోటారు కేబులుకూ మధ్య కనీసం 20 నుంచి 30 సెంటీమీటర్లు ఉండాలి. ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో దాటాలి.

టెర్మినేషన్ గురించి ఒక మాట. 120 ఓములు కేబుల్ చివర ఒక్కచోటే ఉండాలి. ఒకే ఎన్‌కోడర్‌ను డ్రైవ్‌కూ పీఎల్‌సీ కౌంటరుకూ కలిపి, రెండు కార్డుల్లోనూ టెర్మినేషన్ స్విచ్చు ఆన్ చేస్తే 60 ఓములవుతుంది, సిగ్నల్ ఎత్తు పడిపోతుంది. రెండింట్లోనూ ఆఫ్ చేస్తే అంచుల దగ్గర సిగ్నల్ ఎగిరెగిరి పడి ఒక అంచు రెండుగా లెక్కలోకొస్తుంది. రెండు చోట్లకు పంపాల్సి వస్తే స్ప్లిటర్ మాడ్యూల్ వాడాలి.

దొంగ పల్సు ఒక్కటే అయినా ఎంత గోల చేస్తుందో చూడండి. డ్రైవ్ మిల్లీసెకనుకోసారి పల్సులు లెక్కపెట్టి వేగం కడుతుందనుకుంటే, 4096లో ఒక్క లెక్క ఎక్కువైతే వేగం 14.6 ఆర్‌పీఎం పెరిగినట్టు కనిపిస్తుంది. స్పీడ్ కంట్రోలర్ గెయిన్ ఎక్కువగా ఉంటే ఆ ముల్లు టార్కుగా మారి గేర్‌బాక్సులో టకటక వినిపిస్తుంది. ఒకే చానల్ మీద పడిన నాయిస్ ఒకటి కూడి ఒకటి తీసేయడంతో స్థానం లెక్క చివరికి సరిపోతుంది. అందుకే స్థానం తప్పకుండానే వేగం అదిరే ఫాల్టులు వస్తుంటాయి.

కప్లింగు, బేరింగు, వెల్డింగు

ఎలక్ట్రికల్ వైపు అంతా సరిగా ఉన్నా షాఫ్టు తిరిగినంత ఎన్‌కోడర్ తిరగకపోతే లాభం లేదు. కప్లింగు జారడాన్ని జీరో మార్కు పరీక్ష పట్టుకోలేదు. జీరో మార్కు ఎన్‌కోడర్ సొంత డిస్కు నుంచే వస్తుంది, కాబట్టి ఎన్‌కోడర్ తిరిగినంతవరకు 4096 లెక్క కచ్చితంగా ఉంటుంది. దీనికి పాత పద్ధతే మంచిది: షాఫ్టు, కప్లింగు, ఎన్‌కోడర్ హబ్బు మూడింటి మీదుగా పెయింటు మార్కరుతో ఒకే గీత గీయాలి. ఒక షిఫ్టు నడిచాక గీత విరిగి కనిపిస్తే స్క్రూ జారుతోంది.

డొల్ల షాఫ్టు ఎన్‌కోడర్‌కు ఒక టార్క్ ఆర్మ్ ఉంటుంది. అది శరీరం తిరగకుండా ఆపాలి గానీ కదలకుండా బిగించేయకూడదు. పట్టీ బదులు గట్టి ఇనప బ్రాకెట్టు వేస్తే షాఫ్టు వంకర అంతా ఎన్‌కోడర్ బేరింగే భరించాలి, కొద్ది నెలల్లో అరిగిపోతుంది. షాఫ్టు చివర రనౌట్ (తిరిగేటప్పుడు అటూఇటూ ఊగే తేడా) డయల్ గేజీతో చూసి 0.05 మి.మీ. లోపు ఉంచుకోవాలి. వంకర ఎక్కువైతే వేగం గ్రాఫులో చుట్టుకోసారి అల వస్తుంది. 1500 ఆర్‌పీఎం దగ్గర అది 25 హెర్ట్జ్. గ్రాఫులో సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీ కనిపిస్తే నాయిస్ కోసం వెతకనక్కర్లేదు, డయల్ గేజీ తెచ్చుకోవాలి.

డ్రైవ్ స్విచింగ్ వల్ల మోటారు షాఫ్టు మీద వోల్టేజీ పుడుతుంది. మోటారు బేరింగులు ఇన్సులేట్ చేసి ఉంటే ఆ కరెంటు ఎర్తు కోసం దారి వెతుక్కుంటూ ఎన్‌కోడర్ చిన్న బేరింగు గుండా, దాని షీల్డు గుండా పోతుంది. బేరింగు బంతుల మీద గుంటలు పడి ఎన్‌కోడర్ పాడవుతుంది. ఇన్సులేటెడ్ హబ్బు ఉన్న ఎన్‌కోడర్, షాఫ్టు గ్రౌండింగ్ బ్రష్ ఇందుకే. వెల్డింగు రిటర్న్ క్లాంపు అందుబాటులో ఉందని మోటారు ఫ్రేముకో గేర్‌బాక్సుకో తగిలించడం కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే ఒక్క దెబ్బకే. షట్‌డౌన్‌లో ఫాబ్రికేషన్ పని జరిగి, మర్నాడు స్టార్టప్‌లో ఎన్‌కోడర్ ఫాల్ట్ వస్తే మొదట అడగాల్సింది వెల్డింగు క్లాంపు ఎక్కడ పెట్టారని.

సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, విశాఖ వంటి తీరాల్లో ఉప్పుగాలి కనెక్టర్లను తినేస్తాయి. కనెక్టరు నోరు పైకి చూస్తుంటే నీళ్లు నిలుస్తాయి. కేబుల్‌ను ఎన్‌కోడర్ కన్నా కిందికి ఒక వంపు తిప్పి పైకి తెస్తే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ట్రేలో ఎలుకలు కొరికిన చోట షీల్డు తెగి లోపలి తీగలు బాగుండటం కూడా మామూలే.

ఏ వరుసలో కొలవాలి

మొదట డ్రైవ్ ఆపి, ఐసొలేటర్ తీసి, తాళం వేసి, డీసీ బస్ డిశ్చార్జి అయ్యేదాకా లేబుల్ మీద రాసినంతసేపు ఆగి, మీటరుతో నిర్ధారించుకోవాలి. క్రేను అయితే లోడు నేల మీద పెట్టి ఉండాలి.

కంట్రోల్ సరఫరా మాత్రం ఇచ్చి, ఎన్‌కోడర్ దగ్గర వోల్టేజీ చూడాలి. షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పుతూ ఏ, ఏ-బార్ మధ్య మీటరు పెడితే టీటీఎల్‌లో సుమారు ప్లస్ 3, మైనస్ 3 వోల్టుల మధ్య గంతులేయాలి. బి, జడ్ జతలకూ అంతే. తేడా సున్నా దగ్గరే నిలిచిపోతే ఒక తీగ తెగింది లేదా రెండూ షార్టయ్యాయి. ఒకవైపు మాత్రమే గంతేసి రెండోవైపు సగమే పోతే ఒక తీగ మాత్రమే పనిచేస్తోంది. ఈ రెండో రకం మోసకారి. డ్రైవ్ చాలాసార్లు నడుస్తుంది, నాయిస్ తట్టుకునే శక్తి మాత్రం పోతుంది.

తర్వాత షాఫ్టును సరిగ్గా పది చుట్లు తిప్పి డ్రైవ్‌లోని స్థానం లెక్క చూడాలి. 1024 ఎన్‌కోడర్‌కు 40,960 రావాలి. ప్రతిసారీ ఒకేలా తక్కువొస్తే డిస్కు లేదా పారామీటరు, ఒక్కోసారి ఒక్కోలా వస్తే నాయిస్ లేదా లూజు కనెక్షన్.

ఆ తర్వాత వి/ఎఫ్‌లో లేదా సెన్సర్‌లెస్ మోడ్‌లో (ఎన్‌కోడర్ లేకుండా డ్రైవే వేగాన్ని అంచనా వేసుకునే మోడ్‌లో) నడిపి ఎన్‌కోడర్ వేగాన్ని అంచనా వేగంతో పోల్చాలి. 10, 50, 100 శాతం వేగాల దగ్గర విడివిడిగా చూడాలి. మోటారు తిరుగుతున్నప్పుడు డ్రైవ్ కార్డు టెర్మినల్ దగ్గర స్కోపు పెట్టాలి. రెండు ప్రోబులను ఏ, ఏ-బార్‌కు పెట్టి తేడా చూడాలి, లేదా డిఫరెన్షియల్ ప్రోబు వాడాలి. స్కోపు ఎర్తు క్లిప్పును సిగ్నల్ తీగకు తగిలిస్తే అదే కొత్త ఎర్తు లూపు అవుతుంది, బ్యాటరీ స్కోపు అయితే ఆ బెడద లేదు.

1500 ఆర్‌పీఎం, 1024 పల్సులకు సెకనుకు 25,600 పల్సులు, ఒక్కోటి 39 మైక్రోసెకన్లు. అందులో సగం 19.5. ట్రిగ్గరును 5 మైక్రోసెకన్ల కన్నా సన్నని పల్సుకు పెట్టి వదిలేయాలి. మంచి సిగ్నల్‌లో స్కోపు ఎప్పటికీ ట్రిగ్గర్ కాకూడదు. ఒకవేళ ట్రిగ్గర్ అయితే, పట్టుబడిన దృశ్యాన్ని దాచుకుని, ట్రిగ్గర్ అయ్యే లయ డ్రైవ్ స్విచింగ్ ఫ్రీక్వెన్సీతో కలుస్తోందేమో చూడాలి. కలిస్తే షీల్డు, కేబుల్ దారి చూడాలి.

కేబుల్ ఇన్సులేషన్ చూద్దామని మెగ్గర్ తీసే ముందు రెండు చివర్లా కేబుల్‌ను విడదీయాలి. 500 వోల్టులు ఒక్క క్షణం తగిలినా ఎన్‌కోడర్ చిప్పు, డ్రైవ్ కార్డు రెండూ పోతాయి.

అబ్సొల్యూట్, సైన్-కొసైన్ రకాలు

సైన్-కొసైన్ ఎన్‌కోడర్‌లో పల్సులకు బదులు 1 వోల్టు ఎత్తున్న రెండు అలలు వస్తాయి. స్కోపును ఎక్స్-వై మోడ్‌లో పెడితే గుండ్రటి వృత్తం కనబడాలి. వృత్తం చిన్నదైతే ఎల్‌ఈడీ లేదా సరఫరా, కోడిగుడ్డులా వాలితే ఫేజు తేడా, మధ్య బిందువు జరిగితే ఆఫ్‌సెట్. హైడెన్‌హైన్ తన 1 వోల్టు సిగ్నళ్లకు ఇచ్చే హద్దు 0.6 నుంచి 1.2 వోల్టులు.

అబ్సొల్యూట్ రకాల్లో స్థానం అంకెగా వస్తుంది. ఎన్‌డాట్ 2.2, బిస్ ప్రొటోకాళ్లలో సీఆర్‌సీ తనిఖీ (వచ్చిన బిట్లు సరిగా ఉన్నాయో లేదో చూసే లెక్క) ఉంటుంది, తప్పు బిట్టు వస్తే కమ్యూనికేషన్ ఫాల్ట్ అని సూటిగా చెబుతాయి. మామూలు ఎస్‌ఎస్‌ఐ ప్రొటోకాల్‌లో ఆ తనిఖీ లేదు, తప్పు బిట్టు కూడా నిజమైన స్థానంలాగే చెలామణి అవుతుంది. అందుకే ఎస్‌ఎస్‌ఐలో నాయిస్ స్థానం గంతులుగా కనిపిస్తుంది. కేబుల్ పెరిగేకొద్దీ క్లాక్ వేగం తగ్గించాలి: 50 మీటర్లకు 400 కిలోహెర్ట్జ్, 100కు 300, 200కు 200 లోపు అన్నది చాలా క్యాటలాగుల్లో కనిపించే పట్టిక. సర్వో మోటార్ల బ్యాటరీ రకానికి 3.6 వోల్టుల లిథియం సెల్లు ఉంటుంది. దాన్ని కంట్రోల్ సరఫరా ఆన్‌లో ఉండగానే మార్చాలి, లేకపోతే హోమ్ పొజిషన్ పోతుంది.

మాగ్నెటిక్ ఎన్‌కోడర్లు దుమ్ముకు, నూనెకు బాగా ఓర్చుకుంటాయి. కానీ మోటారు వెనకే ఉన్న బ్రేకు కాయిల్‌కు కరెంటు వచ్చినప్పుడల్లా వేగం అదిరితే ఆ కాయిల్ అయస్కాంత క్షేత్రాన్ని అనుమానించాలి.

మార్చక తప్పనప్పుడు

కొలతలన్నీ ఎన్‌కోడర్‌నే వేలెత్తి చూపితే మార్చాలి. సరఫరా వోల్టేజీ, అవుట్‌పుట్ రకం, పల్సుల సంఖ్య, షాఫ్టు వ్యాసం, పిన్నుల వరుస అయిదూ పాత ప్లేటుతో పోల్చాలి. పిన్నుల వరుస ఒక కంపెనీకి ఇంకో కంపెనీకి కలవకపోవచ్చు. 24 వోల్టులను 5 వోల్టుల ఎన్‌కోడర్‌కు ఇస్తే కొత్తది కూడా చేతిలోనే పోతుంది. ఎన్‌కోడర్‌ను సుత్తితో షాఫ్టు మీదికి కొట్టకూడదు, గాజు డిస్కు పగులుతుంది.

ఇండక్షన్ మోటారుకు ఇంతటితో పని అయిపోతుంది. పర్మనెంట్ మాగ్నెట్ మోటారుకు అలా కాదు. రోటరు అయస్కాంతం ఎటు ఉందో ఎన్‌కోడరే చెప్పాలి కాబట్టి కొత్తది బిగించిన కోణానికి తగ్గట్టు ఆఫ్‌సెట్ కొలిచి డ్రైవ్‌లో పెట్టాలి. ఆ ఆఫ్‌సెట్ ఎలక్ట్రికల్‌గా 90 డిగ్రీలు తప్పితే టార్కే రాదు, 180 డిగ్రీలు తప్పితే మోటారు ఆజ్ఞకు ఎదురు దిశలో పరుగెత్తుతుంది. లోడు విడదీసి, తక్కువ కరెంటు లిమిట్‌తో ఆటో ట్యూనింగ్ చేయడం అందుకే తప్పనిసరి.

ఫాల్ట్‌ను మూయించే తాత్కాలిక మార్గాలు

ఉత్పత్తి ఆగకూడదన్న ఒత్తిడిలో రెండు అడ్డదారులు తొక్కుతుంటారు. ఒకటి ఎన్‌కోడర్ ఫాల్ట్ గుర్తించే సమయాన్ని పెంచడం, లేదా మొత్తానికే ఆపేయడం. రెండోది, సిగ్నల్ పోతే డ్రైవ్ తనంతట తాను సెన్సర్‌లెస్ మోడ్‌కు మారేలా పెట్టడం. ఫ్యాన్లు, పంపులు, కన్వేయర్ల వంటి వాటికి రెండోది సబబైనదే. తక్కువ వేగంలో టార్కు కాస్త తగ్గినా పని నడుస్తుంది, షట్‌డౌన్ దాకా ఆగవచ్చు.

హాయిస్టుకు మాత్రం రెండూ పనికిరావు. సున్నా వేగం దగ్గర లోడును గాలిలో పట్టి ఉంచేది ఎన్‌కోడర్ చూపే వేగమే. ఇండక్షన్ మోటారులో సెన్సర్‌లెస్ అంచనా సరిగ్గా సున్నా దగ్గరే బలహీనం. గుర్తించే సమయం రెండు సెకన్లు పెట్టారనుకుందాం. బ్రేకు విడిచి ఉండగా సిగ్నల్ పోతే ఆ రెండు సెకన్లూ డ్రైవ్ పైన చెప్పిన పాకుడు లెక్కలోనే ఉంటుంది, కొక్కెం మీది బరువు కిందికి లాగుతూనే ఉంటుంది. హాయిస్టు డ్రైవ్‌లో ఈ సమయం వీలైనంత తక్కువగా ఉండాలి. ఫాల్ట్ రాగానే బ్రేకు పడేలా రిలే తీగ విడిగా ఉండాలి. ఏటా పరీక్షించేటప్పుడు ఖాళీ కొక్కేన్ని నేలకు అడుగెత్తులో కదుపుతూ ఎన్‌కోడర్ ప్లగ్గు ప్యానెల్ దగ్గర లాగి, బ్రేకు ఎంతసేపటికి పడిందో చూసుకోవాలి.